పేరు ఒకటే, లెక్క ఒకటేనా? జెంటూలో గణిత లైబ్రరీల మార్పిడిపై ఒక విమర్శ

2016 అక్టోబరులో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు గార్ల మండలం ఖమ్మం నుంచి మహబూబాబాద్ జిల్లాకు మారింది. దరఖాస్తుపై 'జిల్లా కలెక్టర్ గారికి' అని రాయడం మారలేదు, దాన్ని అందుకునే కార్యాలయం మారింది. లినక్స్‌లో గణిత లైబ్రరీల మార్పిడి ఇలాంటిదే.

సదిశలు, మాత్రికల లెక్కలకు ప్రోగ్రాములు పిలిచే ప్రమేయాల పేర్లను 'బ్లాస్' అనే ప్రమాణం నిర్ణయిస్తుంది. దాని మొదటి స్థాయి 1979లో, మాత్రికల గుణకారం ఉన్న మూడో స్థాయి 1990లో ప్రచురితమయ్యాయి. సమీకరణాలను సాధించే 'లాపాక్' దీనిపై ఆధారపడుతుంది. అవే పేర్లతో పనిచేసే లైబ్రరీలు పలు ఉన్నాయి: ఫోర్ట్రాన్‌లో రాసిన రిఫరెన్స్ రూపం, ఓపెన్‌బ్లాస్, బ్లిస్, ఇంటెల్ ఎం.కె.ఎల్. రిఫరెన్స్ రూపం చదివి నేర్చుకోవడానికి బాగుంటుంది, వేగం మాత్రం తక్కువ. మిగిలినవి ప్రాసెసర్‌కు తగినట్లు మలచినవి.

జెంటూలో సాఫ్ట్‌వేర్‌ను సోర్సు కోడ్ నుంచి మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేస్తారు. లైబ్రరీ మార్చిన ప్రతిసారీ నంపై, ఆర్, ఆక్టేవ్‌లను మళ్లీ కంపైల్ చేయాలంటే మీ ఇంట్లోని పాత కంప్యూటర్‌కు గంటల పని. ఈ బాధ తప్పించడానికి వచ్చినదే 'ఈసెలెక్ట్' పద్ధతి. ప్రోగ్రాము 'లిబ్‌బ్లాస్' అనే సాధారణ పేరుతో లింక్ అవుతుంది. నడిచేటప్పుడు ఆ పేరు వెనుక ఏది ఉండాలో 'ఈసెలెక్ట్ బ్లాస్ సెట్ ఓపెన్‌బ్లాస్' వంటి ఒక్క ఆదేశం తేలుస్తుంది. లాపాక్‌కు వేరే ఆదేశం ఉంది. బ్లిస్‌లో లాపాక్ లేదు కనుక ఈ విభజన అవసరమే. ఇంతవరకు రూపకల్పన మెచ్చదగినది.

నా అభ్యంతరం 'మార్చుకోదగినవి' అన్న మాటపై. పేర్లు కలిసినంత మాత్రాన ఫలితాలు కలవవు. పైథాన్‌లో 0.1, 0.2, 0.3లను కూడండి. మొదటి రెంటిని ముందు కూడితే 0.6000000000000001 వస్తుంది, చివరి రెంటిని ముందు కూడితే 0.6 వస్తుంది. కూడిక క్రమం లైబ్రరీని బట్టి, ఒక్కోసారి థ్రెడ్ల సంఖ్యను బట్టి మారుతుంది. ఒకప్పుడు నా విద్యార్థి ఒకరి ప్రాజెక్టులో రెండు కంప్యూటర్ల ఫలితాలకు చివరి అంకెల్లో తేడా వచ్చింది. నిర్లక్ష్యమనుకొని మార్కులు తగ్గించాను. తప్పు నాదే.

ఇంతకంటే ప్రమాదకరమైనది పూర్ణాంక పరిమాణం. 32 బిట్ల పూర్ణాంకాలు పంపే ప్రోగ్రాముకు 64 బిట్లు ఆశించే లైబ్రరీ తగిలితే, ప్రమేయం పేరు ఒకటే అయినప్పుడు లింకర్ అడ్డుచెప్పదు. ప్రోగ్రాము కూలిపోవచ్చు, లేదా నిశ్శబ్దంగా తప్పు జవాబు ఇవ్వవచ్చు. కూలిపోవడమే నయం, కనీసం తెలుస్తుంది.

మరో లోపం, ఈ ఎంపిక వ్యవస్థ మొత్తానికి వర్తిస్తుంది. ఒకే ప్రయోగశాల కంప్యూటర్‌పై ఒకరు వేగం కోసం చేసిన మార్పు పక్కవారి లెక్కనూ తాకుతుంది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో రూపొందిన ఫ్లెక్సీబ్లాస్‌లో ఒక్కో ప్రోగ్రాముకు విడిగా లైబ్రరీని ఎంచుకోవచ్చు. ఫెడోరా 2020లో, 33వ విడుదల నుంచి దాన్నే ప్రామాణికం చేసుకుంది. ఈ ఒక్క విషయంలో ఫెడోరా మార్గమే మేలని నా అభిప్రాయం.

మీ ప్రాజెక్టు నివేదికలో ప్రోగ్రాము పేరుతోపాటు లైబ్రరీ పేరు, దాని వెర్షన్, థ్రెడ్ల సంఖ్య కూడా రాయండి. జెంటూలో ఈసెలెక్ట్ పద్ధతి వాడుతుంటే 'ఈసెలెక్ట్ బ్లాస్ షో' అంటే ప్రస్తుత ఎంపిక కనిపిస్తుంది. అయితే ప్రోగ్రాము నేరుగా ఓపెన్‌బ్లాస్ పేరుతోనే లింక్ అయి ఉంటే ఆ జవాబు దానికి వర్తించదు. అప్పుడు 'ఎల్‌డీడీ' ఆదేశంతో దాని లింకులను చూడాలి.