సొంత మాటలు ఎవరివి?

“సొంత మాటల్లో జవాబు రాయండి” అని తెలుగు ప్రశ్నాపత్రాల్లో రాస్తూంటాం. ఇరవై ఏళ్లుగా నేనూ రాస్తున్నాను. పిల్లలు ఆ వాక్యాన్ని నమ్మరు. నమ్మిన పిల్ల ఏమవుతుందో నా చేతుల మీదుగానే తెలిసింది.

నిరుడు ఎనిమిదో తరగతికి జాషువ ‘గబ్బిలం’ (1941) నుంచి కొన్ని పద్యాలు చెప్పాను. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. జాషువ అస్పృశ్యుడు శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. పరీక్ష దగ్గరపడగానే అలవాటు ప్రకారం నోట్సు చెప్పాను. “కవి సాంఘిక అసమానతలను తీవ్రంగా ఖండించారు” అన్న వాక్యంతో అది మొదలవుతుంది. నేనూ గైడులోంచే నేర్చుకున్న వాక్యం అది.

కవి గబ్బిలాన్నే దూతగా ఎందుకు ఎంచుకున్నాడు? ఇదీ ప్రశ్న. నలభై మందిలో ముప్పై మందికి పైగా నా వాక్యాన్ని నాకే తిరిగి అప్పగించారు. నాలుగుకు మూడున్నర వేశాను. ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది: “మా తాత గుడి బయట డప్పు కొట్టేవోడు. లోపలికి పోలేదు. గబ్బిలాన్ని నీదే కులమని ఎవరూ అడగరు.” ‘కొట్టేవోడు’ కింద ఎర్రగీత గీసి, ఒకటిన్నర వేశాను.

కాగితాలు పంచినప్పుడు ఆ పిల్ల అడిగింది: “మాస్టారూ, నోట్సులో ఉన్నది రాయలేదనా?”

జవాబు చెప్పలేకపోయాను. ఆ తరగతిలో జాషువను చదివింది ఆ ఒక్క పిల్లే. మిగతావాళ్లు నన్ను చదివారు.

ఇది ఒక ఉపాధ్యాయుడి పొరపాటుగా సరిపెట్టుకోవచ్చా? మన సాహిత్య చరిత్రలో ఒక పెద్ద పోరాటం సరిగ్గా పరీక్షా పత్రం దగ్గరే జరిగింది. విద్యార్థి ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న వివాదంలోనే గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించాడు. ఆయనతో కలిసి నడిచిన గిడుగు రామమూర్తి మనలాంటి బడిపంతులే. ఆ పోరాటం గెలిచింది. ఈనాడు పిల్లలు వ్యావహారికంలోనే రాస్తున్నారు. గ్రాంథికం పోయింది; అప్పగింత పోలేదు.

కంఠస్థం చేయడమే తప్పని నేననను. వేమన అక్షరం రాని జనం నోళ్లలో బతికాడు. పద్యం నోటికి వస్తే అది పిల్లవాడి ఆస్తి. పద్యానికి మరొకడు రాసిన ‘భావం’ నోటికి వస్తే అది అద్దె సొత్తు, పరీక్ష అయిన మర్నాడు ఖాళీ చేయవలసిందే.

అయితే గైడును తిట్టి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. ఇంట్లో పుస్తకాల తెలుగు మాట్లాడుకునే పిల్లకి సొంత మాటలే మార్కులు తెస్తాయి. కూలి చేసుకునే వాళ్ల పిల్లకి సొంత మాట రాస్తే ఎర్రగీత పడుతుంది. ఆ పిల్ల గైడును పట్టుకోవడం సోమరితనం కాదు, ఆత్మరక్షణ. ప్రశ్నల పేర్లు మార్చి, ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ అని శీర్షిక పెట్టినంత మాత్రాన ఇది మారదు. ఎవరి మాట ‘సొంత మాట’గా చెల్లుతుందో తేల్చేది దిద్దే చెయ్యి. గిడుగుకు ఇది తెలుసు. అందుకే ఆయన సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డాడు.

కనుక పరీక్షకు తయారు చేయడమంటే ఏమిటి? ఇప్పుడు నేను నోట్సు చెప్పేముందు పద్యం చదివి, పిల్లల చేత మాట్లాడిస్తున్నాను. పాఠంలో లేని పద్యం ఒకటి ఇచ్చి అర్థం రాయిస్తున్నాను. ఇంటి మాట రాస్తే పక్కన పుస్తకంలోని మాట కూడా రాస్తున్నాను, కొట్టివేయడం మానేశాను. దీనివల్ల మార్కులు పెరిగాయని చెప్పలేను. కాగితాలు దిద్దడానికి రెట్టింపు సమయం పడుతోంది. నలభై కాగితాలూ నలభై రకాలుగా ఉంటున్నాయి.

ఆ అమ్మాయి కాగితం అడిగి తీసుకుని మార్కులు సరిదిద్దాను. ఎర్రగీత మాత్రం చెరగలేదు.