దెబ్బకూ దెబ్బకూ నడుమ

పాత బుల్లెట్టు స్టార్ట్ చేయడానికి ఒక వరస ఉంది. తాళం తిప్పి కిక్కరును కాలితో మెల్లగా అదుముతూ పోతే, హెడ్‌లైటు డూము మీదున్న ఆమ్మీటరు ముల్లు ఒక పక్కకు వాలి, మళ్ళీ నడిమికి వచ్చి నిలబడుతుంది. అంటే లోపల పాయింట్లు విడిపడ్డాయి, పిస్టన్ పైకొసకు చేరింది. అప్పుడు ఎడమ చేతి కింది డీకంప్రెషన్ లివరు పట్టి కిక్కరును ఇంకొంచెం దించాలి. లివరు వదిలి, కిక్కరును పైకి రానిచ్చి, ఒక్క తన్ను తన్నాలి. బలంతో పని లేదు. వరస తప్పితే ఎంత బలమున్నా కిక్కరు తిరగబడి పిక్క మీద కొడుతుంది. వరస కుదిరినప్పుడు మాత్రం ఒక దెబ్బ, తర్వాత ఒక ఖాళీ, మళ్ళీ ఒక దెబ్బ. ఆ ఖాళీ అంటే నాకు ప్రాణం.

అది ఊరికే వచ్చిన ఖాళీ కాదు. 346 సీసీల ఒంటి సిలిండరు, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. వెడల్పు తక్కువ, నిడివి ఎక్కువ. పిస్టన్ చాలా దూరం పోయి రావాలి. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే మంట ఒక్కసారే పుడుతుంది. మిగిలిన చుట్టంతా బరువైన ఫ్లైవీళ్ళు ముందటి దెబ్బ ఊపును మోసుకొస్తాయి. మంట లేని ఆ క్షణంలో బండి ఆగిపోతుందేమో అనిపిస్తుంది, ఆగదు. తాళం తెలిసినవాడు దరువును చేత్తో ఎంత వాయిస్తాడో, చెయ్యి ఆపి అంతే వాయిస్తాడు. ఈ ఇంజిను కూడా అంతే. జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి శనగ చేలల్లో, చప్పుడుకు అడ్డం వచ్చే చెట్టూ చేమా లేని చోట, దూరంగా పోయే బండి కనిపించకముందే ఈ దరువు చెవిన పడుతుంది. ఎవరి బండో కూడా కొందరు చెప్పగలరు.

మద్రాసు మోటార్స్ వాళ్ళు 1955లో ఇంగ్లండులో బుల్లెట్టును తయారుచేసే రెడ్డిచ్ ఊరి కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. అంతకుముందు మన సైన్యం 800 బుల్లెట్లు కావాలని అడగడమే దానికి మూలం. రెడ్డిచ్‌లో ఆ కంపెనీ మూతబడ్డా మద్రాసు తిరువొత్తియూరులో బుల్లెట్టు తయారవుతూనే ఉండింది. మద్రాసు మనకు పరాయి ఊరు కాదు. ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప మీదుగా పోయే బొంబాయి రైలు దారి కొసన ఉన్న ఊరు. పోత ఇనుప బోరున్న ఆ ఇంజిను 2010 నాటికి తయారీలో ఆగిపోయింది. అందుకే ఇప్పుడు మిగిలిన ప్రతి బండి మీదా ఏదో ఒకటి తేల్చుకోవలసి వస్తోంది.

ముద్దనూరు నుంచి తొండూరు మీదుగా పులివెందుల పోయే దారిలోని పల్లెల్లో, పశువుల కొట్టం మూలనో చీనీతోట షెడ్డులోనో గోనెపట్టా కప్పుకొని ఉండే బండ్లివి. జేజినాయన కొన్నాడు, నాయన నడిపాడు, కొడుకు బెంగళూరులో ఉన్నాడు. పండక్కి అందరూ చేరినప్పుడు మాట మొదలవుతుంది. "కొత్తదాని మాదిరి చేపిద్దాం" అంటాడొకడు. "ఎనక చాసిస్ కోసి బాబర్ చేపిస్తే ఉంటాది సూడు" అంటాడు మేనల్లుడు. "పాతసామానుకు ఏసేయండప్పా, జాగా అన్నా మిగులుతాది" అంటుంది ఇంటామె. ముగ్గురిలో ఎవరూ తప్పు మాట్లాడలేదు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో రోజూ జరిగే పంచాయితీ ఇదే. జేజి కాసులపేరు ముందు పెట్టుకొని, మెరుగు పెట్టించుకుందామా, కరిగించి కొత్త నమూనా చేయించుకుందామా, తూకానికి అమ్మేద్దామా అని ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. నిజాయితీ గల కంసాలి మొదట తరుగెంతో చెబుతాడు. బండి విషయంలో ఆ మాట చెప్పేవాళ్ళు తక్కువ. నా లెక్కలో బుల్లెట్టుకు తరుగంటే దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న ఆ ఖాళీ పోవడమే. రంగు పోతే మళ్ళీ వేయొచ్చు, నికెల్ పోతే మళ్ళీ పూయొచ్చు.

ఇట్లా చూస్తే, కొత్తదానిలా చేయించడమే అన్నిటికన్నా ఎక్కువ తరుగు తెచ్చే పని కావచ్చు. ట్యాంకు గీకి అద్దంలా పెయింటు కొట్టిస్తారు. కంపెనీ నల్లరంగు వేసిన చోటా క్రోమ్ చేయిస్తారు. టైమింగ్ కవరును ముఖం కనిపించేదాకా బఫింగ్ పట్టిస్తారు. ఇంజిను మాత్రం విప్పరు. నాకిది నచ్చదు. ఆ ట్యాంకు మీది బంగారు గీతలు మద్రాసులో కుంచె పట్టి చేత్తో గీసినవి. మోకాలు ఒరుసుకున్న చోట గీత అరిగి ఉంటే, అది ఆ ఇంటి మనిషి కూర్చున్న గుర్తు. దాన్ని తాకకండి. డబ్బు లోపల పెట్టండి. బోరు చూపించి, అవసరమైతే రీబోర్ చేయించి పెద్ద సైజు పిస్టన్ వేయించండి. కనెక్టింగ్ రాడ్డు బుష్షు, క్లచ్ ప్లేట్లు, వైరింగు, బ్రేకు లైనర్లు మార్పించండి. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. టైమింగ్ పెట్టేటప్పుడు పాత మెకానిక్కులు పాయింట్ల నడుమ సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పెట్టి లాగుతారు. కాగితం జారిన క్షణమే పాయింట్లు విడిపడిన క్షణం. ఇంత సున్నితమైన పని, నూనె మరకల చేతులతో! చూస్తుంటే మనసు నిండిపోతుంది.

చప్పుడు మీది మోజుతో ఐడిలింగ్ మరీ తగ్గించడం మాత్రం వద్దు. ఆయిల్ పంపు ఇంజినుతో పాటే తిరుగుతుంది. ఇంజిను మందగిస్తే పైన రాకర్లకు నూనె సరిగా అందదు. ఖాళీని సాగదీసినా చెడుతుంది.

మార్పు చేయించుకునేవాళ్ళను నేను తప్పుపట్టను. 1948లో ఇటలీలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో గెలిచిన బ్రిటిష్ జట్టులో బుల్లెట్లు ఉన్నాయి. ఆ తర్వాత రాళ్ళలో, బురదలో నడిచే ట్రయల్స్ పందేల్లోనూ పేరు తెచ్చుకున్నాయి. సన్నటి మడ్‌గార్డులు, పైకెత్తిన సైలెన్సరు, ఒంటి సీటు ఈ బండి పుట్టుకలోనే ఉన్న రూపం. గండికోట చుట్టూ రాళ్ళబాటల్లో అట్లాంటి బండి పోతుంటే కళ్ళకు పండగ. కానీ చాసిస్ కోస్తే ఆర్సీలో రాసిన బండి వేరు, రోడ్డు మీది బండి వేరు అవుతుంది, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను దాన్ని ఒప్పుకోదు. ఇక పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించే ఆ గొట్టం సైలెన్సర్లు పెడితే దెబ్బ మాత్రమే వినిపిస్తుంది, నడుమ ఖాళీని కూడా మోతే నింపేస్తుంది.

50 ఏళ్ళు దాటి, మార్పులు లేని బండ్లకు 2021 నుంచి వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తున్నారు. అది తీసుకుంటే మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. తోటకు పోయే బండికి అది నప్పదు. 15 ఏళ్ళు దాటిన ఆర్సీని ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటూ నడుపుకోవడమే నాకిష్టం.

విప్పేయాల్సిన బండ్లూ ఉన్నాయి. చాసిస్ నిలువునా పగిలినవి, మంటల్లో కాలినవి, నంబరే మిగలనివి. అట్లాంటిదాన్ని విప్పి కడప బండ మీద వరసగా పరిస్తే మరో అందం బయటపడుతుంది. రెక్కల బోరు, అల్యూమినియం హెడ్డు, పుష్‌రాడ్లు, ఇంజినుకు వేరుగా ఉండే గేరుబాక్సు ఆ నల్లరాతి మీద ఒక్కొక్కటి విడిగా, పూర్తిగా కనిపిస్తాయి. దశాబ్దాల పాటు ఈ ఇంజిను పెద్దగా మారలేదు కాబట్టి ఒక బండి సామాను ఇంకో బండికి అతుకుతుంది. ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ రద్దు చేయించి, రేకులు పాతసామానుకు వేసేయండి. ఫ్లైవీళ్ళను మాత్రం కిలోల లెక్కన అమ్మొద్దు. వాటి కోసం వెతుక్కుంటూ తిరిగేవాడు ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఉంటాడు. అతన్ని కనుక్కొని ఇవ్వండి, అతను చెప్పిన ధరకే ఇవ్వండి.