గోడకు నీళ్లు కొట్టేదెవరు?

ఈ వారం పేపర్లో ఒక ఫొటో చూసి చిరాకేసింది. పేదల ఇంటి స్థలంలో ఆఫీసు ఉద్యోగులు తలకు హెల్మెట్లు పెట్టుకుని, వరసగా నిలబడి ఇటుకలు అందించుకుంటున్నారు. పని తెలియనివాళ్లు అంతమంది చేరితే తాపీమేస్త్రీకి అడ్డం తప్ప ఏం ఒరుగుతుంది? వాళ్లు వచ్చిన బస్సు కిరాయితో కూలీలకు పని దొరికేది కదా!

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. మిల్లర్డ్ ఫుల్లర్ దంపతులు 1976లో అమెరికాలో మొదలుపెట్టిన, పేదలకు ఇళ్లు కట్టించే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ మన దేశంలో తొలి అడుగు వేసింది 1983లో ఖమ్మంలోనే. 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ లోనావాలా దగ్గరికి వచ్చి వాలంటీర్లతో కలిసి ఇటుకలు పేర్చారు. ఫుల్లర్ పెట్టిన నియమం నాకు ఇష్టం. ఇల్లు దానం కాదు. కుటుంబం తన ఒళ్లు వంచాలి, వడ్డీ లేని అప్పు వాయిదాల్లో తీర్చాలి. ఆ వాయిదాల డబ్బుతో ఇంకొకరి ఇల్లు లేస్తుంది.

మా ఊళ్లోనూ ఇలా ఒకరికొకరు ఒళ్లు వంచే రోహిణి కార్తెలో తాటాకిళ్లు కప్పేవాళ్లు. వాన పడేలోగా అయిపోవాలి. ఈ రోజు మా ఇంటికి వచ్చినవాళ్ల ఇంటికి రేపు మా వాళ్లు వెళ్లాలి. కూలి మాటే లేదు, మధ్యాహ్నం భోజనం మాత్రం పెట్టాలి. బరువు పెట్టి అణిచిన ఆకుల్ని పిల్లలం మోసేవాళ్లం, పెద్దలు చూరు నుంచి నడికొప్పు దాకా నారతో కట్టుకుంటూ పోయేవాళ్లు. మా నాయనమ్మ లోపల, నిట్రాడు పక్కన నిలబడి పైకి చూసేది. ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనిపిస్తే, "ఒరే అబ్బాయ్, నీ కుడికాలి దగ్గర ఆకాశం కనపడతంది, ఇంకో ఆకు వెయ్యి" అని కేకేసేది. వేసేదాకా కదిలేది కాదు. కప్పు మీద ఉన్నవాడు ఎంత పనిమంతుడైనా ఆ చిల్లు వాడికి కనపడదు.

సిమెంటు ఇంటికీ ఆ చూపే కావాలి. మాలు తట్ట మోసిన ఇల్లాలికి సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్లంటే ఏమిటో తెలుస్తుంది. ఇసుక ఎక్కువైతే అడుగుతుంది. ఇక గోడకు నీళ్లు కొట్టడం ఉంది. కనీసం వారం రోజులైనా తడి ఆరకూడదు. మేస్త్రీ మర్నాడు ఇంకో పనికి పోతాడు. ఇంటివాళ్లు కూలికి పోకపోతే పూట గడవదు. 2016 నాటి గ్రామీణ ఆవాస్ యోజనలో సొంతింటి పనికి ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి పెట్టింది అందుకే. పట్టణం వాడల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఆ ఆసరా కూడా లేదు.

అందుకే ఆ ఉద్యోగులు మళ్లీ రావాలంటున్నాను. ఇటుకలు మేస్త్రీకి వదిలేసి, గోడ కట్టిన మర్నాటి నుంచి రావాలి. పొద్దున ఇద్దరు, సాయంత్రం ఇద్దరు, వంతులు వేసుకుని బకెట్లు పట్టాలి. ఆ పనికి నేర్పు అక్కర్లేదు. ఇంటావిడ కూలికి వెళ్లిన పూట ఆ గోడలు ఎండకుండా చూస్తే చాలు.