ధాన్యకటక ప్రకరణం: యాత్రా కథనమా, రాజకీయ పత్రమా?

పీఠిక

చైనా ప్రాబల్యం అనగానే గుంటూరు సీమలో మిర్చి ఎగుమతుల ప్రస్తావన వస్తుంది. బీజింగ్ కేంద్రంగా గల ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు 2019లో అమరావతి రుణ ప్రతిపాదన నుండి వైదొలగిన ఉదంతమూ గుర్తుకు వస్తుంది. వీటికంటే ఎంతో ప్రాచీనమైన సంబంధం మరొకటి ఉంది. అది వాఙ్మయ సంబంధం. క్రీ.శ. 7వ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకాన్ని గురించి చెప్పిన మాటలు తెలుగువారి చరిత్ర, భాషాచరిత్ర రచనలలో తరచుగా ఉదాహృతమవుతాయి. అయితే వాటిని ఒక యాత్రికుని నిష్పాక్షిక సాక్ష్యంగా స్వీకరించడమే పరిపాటి. ఆ రచన ఎవరి కోసం పుట్టింది, నేడు ఆ స్మృతి ఎవరి ప్రయోజనాలకు అక్కరకు వస్తున్నది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రచనా సందర్భం

హ్యూయన్‌త్సాంగ్ రాజానుమతి లేకుండానే దేశం దాటి వెళ్ళాడు. 645లో తిరిగి వచ్చినప్పుడు మాత్రం టాంగ్ చక్రవర్తి తైజాంగ్ ఆయనను ఆదరించి, సన్న్యాసం విడిచి కొలువులో చేరమని కోరాడు. ఆయన అందుకు సమ్మతించలేదు. చూసిన దేశాల వివరాలను గ్రంథస్థం చేయమన్న ఆజ్ఞను మాత్రం శిరసావహించాడు. శిష్యుడు బియాంజీ కూర్పుతో పశ్చిమ దేశాల వృత్తాంతం 646లో పూర్తయింది. మధ్య ఆసియాలో అధికారాన్ని విస్తరిస్తున్న రాజ్యానికి ఆ సమాచారం ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

రచనా స్వరూపంలోనే ఈ ప్రయోజనం కనిపిస్తుంది. దాదాపు ప్రతి దేశానికీ ఒకే చట్రం: చుట్టుకొలత, రాజధాని విస్తీర్ణం, నేల, పంట, ప్రజల స్వభావం, విహారాల సంఖ్య. ధాన్యకటక దేశపు చుట్టుకొలత 6000 లీలనీ, నేల సారవంతమనీ, జనావాసాలు పలుచన అనీ, విహారాలు అనేకం పాడుపడగా ఇరవై వరకు నిలిచి ఉన్నాయనీ, భిక్షువులు సుమారు 1000 మంది అనీ చెప్పడం ఆ చట్రానికి లోబడినదే. ఆంధ్రదేశపు భాష మధ్యదేశ భాషకు భిన్నమనీ, లిపి మాత్రం చాలావరకు సమానమనీ చేసిన వ్యాఖ్య భాషాచరిత్రకారులకు ప్రియమైనది. భాషా లిపుల తారతమ్యాన్ని ఆయన ఇతర దేశాల విషయంలోనూ నమోదు చేశాడు. కనుక దీనిని ఆధారంగా గ్రహించవచ్చునే గాని తెలుగుకు ప్రత్యేకించిన ప్రశంసగా భావించరాదు.

మహారాష్ట్ర ప్రకరణంలో పులకేశి పేరు, అతని గజబలం, హర్షునికి లొంగని వైనం ప్రస్తావితమయ్యాయి. వేంగీ చాళుక్య రాజ్యం తలెత్తుతున్న ఆ కాలంలోనే ఆంధ్ర, ధాన్యకటక ప్రకరణాలలో నాటి పాలకుని పేరు లేదు. సైనిక ప్రాముఖ్యాన్ని బట్టి వివరణ పెరిగిందా అన్న ఊహకు ఈ మౌనం తావిస్తుంది.

అయితే ఈ గ్రంథం కేవలం రాజకీయ పత్రం కాదు. మైత్రేయుని రాకకై భావవివేకుడు కొండ గుహలో ప్రవేశించి వేచి ఉన్న కథకు ధాన్యకటక ప్రకరణంలో సముచిత స్థానం లభించింది. శిష్యుడు హుయిలీ రాసిన జీవితచరిత్రను బట్టి హ్యూయన్‌త్సాంగ్ ఇక్కడ కొన్ని నెలలు నిలిచి సుభూతి, సూర్యుడు అనే భిక్షువుల వద్ద మహాసాంఘిక అభిధర్మాన్ని అభ్యసించాడు. వారికి తాను మహాయాన శాస్త్రాలను బోధించాడు. చక్రవర్తికి అందిన గ్రంథంలో ధాన్యకటకం ఒక దేశ వివరం. శిష్యుని గ్రంథంలో అది ఒక విద్యాస్థానం. తెలుగు పరిశోధన మొదటిదానిని ఉదాహరించినంతగా రెండవదానిని పట్టించుకోలేదు.

ఆధునిక వినియోగం

1957 జనవరిలో నాలందలో హ్యూయన్‌త్సాంగ్ అస్థికలను చైనా ప్రభుత్వం పక్షాన నెహ్రూకు అందజేసినవారు దలైలామా. 1959 మార్చిలో ఆయనే శరణార్థిగా భారతదేశం చేరారు. 2015లో భారత ప్రధాని చైనా వెళ్ళినప్పుడు షీ జిన్‌పింగ్ ఆయనను షియాన్‌లో, హ్యూయన్‌త్సాంగ్ స్మృతితో ముడిపడిన గోపురానికి తోడ్కొని వెళ్ళారు. యాత్రికుడు దౌత్యప్రతీకగా మారిన తీరుకు ఇవి నిదర్శనాలు.

ధాన్యకటకానికి టిబెట్‌లో మరొక వారసత్వం ఉంది. బుద్ధుడు కాలచక్రాన్ని ఇక్కడ ఉపదేశించాడని ఆ సంప్రదాయం విశ్వసిస్తుంది. 1416లో లాసా సమీపాన వెలసిన డ్రెపుంగ్ మఠం పేరుకు ‘బియ్యపు రాశి’ అని అర్థం. అది ధాన్యకటక నామానికి అనువాదం. దలైలామాల పీఠమైన గాదెన్ ఫోడ్రాంగ్ ఆ మఠంలోనే ఏర్పడింది.

2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో చైనా హాంగ్‌ఝౌలో మొదటి ప్రపంచ బౌద్ధ సభ జరిపింది. దలైలామాకు ఆహ్వానం లేని ఆ సభలో చైనా ప్రభుత్వం ఆమోదించిన పాంచెన్ లామా ప్రసంగించారు. లామాల పునర్జన్మ గుర్తింపునకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అన్న ఉత్తర్వు 2007లో వెలువడింది. తదుపరి దలైలామాను గుర్తించే అధికారం గాదెన్ ఫోడ్రాంగ్ ధర్మసంస్థదేనని 2025 జూలైలో దలైలామా ప్రకటించగా చైనా తోసిపుచ్చింది. ఈ వివాదంలో ఒక పక్షానికి హ్యూయన్‌త్సాంగ్ స్మృతి, మరొక పక్షానికి కాలచక్ర స్మృతి ఆలంబనలు. రెండు స్మృతులూ అమరావతిని తాకుతున్నాయి.

ముగింపు

కాలచక్ర తంత్ర గ్రంథాలు సుమారు 11వ శతాబ్దిలో వ్యాప్తిలోకి వచ్చాయి. కాబట్టి బుద్ధోపదేశ కథను సంప్రదాయ విశ్వాసంగానే గ్రహించాలి. హ్యూయన్‌త్సాంగ్ వృత్తాంతాన్ని రాజాజ్ఞతో పుట్టిన రచనగా చదవాలి. ఈ రెంటినీ ప్రాంత వైభవానికి ప్రశంసాపత్రాలుగా వల్లించడం పరిశోధన అనిపించుకోదు. తెలుగు పరిశోధన హ్యూయన్‌త్సాంగ్‌ను ప్రధానంగా బీల్ (1884), వాటర్స్ (1904-05) ఆంగ్ల పాఠాల ద్వారానే ఎరిగింది. చైనా, టిబెటన్ మూలాలను సూటిగా చదవగల పరిశోధకులను తెలుగు శాఖలు తయారు చేసుకోవాలి. అందాకా ధాన్యకటకం అర్థాన్ని ఇతరులే నిర్ణయిస్తుంటారు. దాని పేరు మాత్రమే తెలుగువారికి మిగులుతుంది.