రోమన్ నాణేల సూచీ గ్రంథాలు: వరుసలోనే ఉన్న చిక్కు

దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి నాణేలలో రెండు రకాలే ఎక్కువ. ఒకటి అగస్టస్ చక్రవర్తిది. దాని బొరుసు వైపు ఆయన దత్తపుత్రులు గైయస్, లూసియస్ డాళ్లు, ఈటెలతో నిలబడి ఉంటారు. రెండవది తిబేరియస్‌ది, దానిపై ఆసీనురాలైన ఒక స్త్రీమూర్తి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లోని రోమన్ నాణేలపై 1965లో వెలువరించిన గ్రంథంలో ఇటువంటి నిక్షేపాల వివరాలున్నాయి. అటువంటి నాణెమొకటి చేతికి వచ్చిన విద్యార్థి దాని కాలమూ, ముద్రించిన చోటూ తెలుసుకోదలిస్తే ఏ పుస్తకం తెరవాలి? అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పండితుడు హెన్రీ కోహెన్ గ్రంథం రెండవ ముద్రణ 1880 నుండి 1892 వరకు ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. ఆయన ప్రతి చక్రవర్తి నాణేలనూ బొరుసు మీది అక్షరాల అకారాది క్రమంలో పేర్చాడు. చదవగలిగిన వాడికి నాణెం నిమిషంలో దొరుకుతుంది. అయితే పాలన తొలి ఏడాది నాణెమూ, చివరి ఏడాది నాణెమూ, బంగారమూ, రాగీ పక్కపక్కనే పడతాయి. కోహెన్ నాణేన్ని గుర్తుపట్టిస్తాడు, దాని చరిత్ర చెప్పడు.

1923లో మాటింగ్లీ, సిడెన్‌హామ్‌లు ప్రారంభించిన ‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. పాలనాకాలమూ, టంకశాలా దానికి ప్రధానం. చరిత్రకారునికి ఇదే కావాలి. అయితే టంకశాల ఏదో, కాలమేదో ముందే తెలిసినవాడే అందులో సులువుగా నడవగలడు. తెలుసుకోవాలని వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోతాడు. అతనికి మిగిలే దారి చివరనున్న అనుక్రమణికలే.

హదీసు గ్రంథాలతో పరిచయమున్న పాఠకునికి ఈ భేదం కొత్త కాదు. ఇమామ్ అహ్మద్ (రహ్మ) ముస్నద్‌లో హదీసులు ఉల్లేఖించిన సహాబీ పేరు కింద ఉంటాయి. సహీహ్ బుఖారీలో విషయాన్ని బట్టి అధ్యాయాల కింద ఉంటాయి. సహాబీ ఎవరో తెలియనివాడు ముస్నద్‌లో ఎంతసేపైనా వెతుక్కోవలసిందే. అందుకు ముస్నద్‌ను తప్పుపట్టేవారు లేరు. అది వేరే ప్రయోజనానికి కూర్చినది.

‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ను తప్పుపట్టవలసింది మరొకచోట. తన క్రమాన్ని అది తానే నిలకడగా పాటించలేదు. పదవ సంపుటం 1994లో గానీ రాలేదు. ఒక్కొక్క సంపుటానిదీ ఒక్కొక్క పద్ధతి. మొదటి సంపుటాల్లో చక్రవర్తి ముందు. ఆరు నుండి తొమ్మిది వరకు టంకశాల ముందు, ప్రతి టంకశాలకూ సంఖ్యలు మళ్లీ ఒకటి నుండి మొదలు. కనుక ‘ఏడవ సంపుటం, 20’ అని రాస్తే ఏ నాణెమో తేలదు, టంకశాల పేరు కూడా ఉండాలి. దాన్ని చెప్పేవి నాణెం అడుగున గీత కింద ఉండే చిన్న అక్షరాలు. వాడుకలో ముందుగా అరిగిపోయేవీ తరచు అవే! 1984లో సదర్లాండ్ మొదటి సంపుటాన్ని సవరించి సంఖ్యలన్నీ మార్చాడు. పైన చెప్పిన గైయస్, లూసియస్ నాణెం ఇప్పుడు 207. బ్రిటిష్ మ్యూజియం సూచీలో అదే 533, కోహెన్‌లో 43. ముద్రణ పేరు చెప్పకుండా ఒట్టి సంఖ్య ఉదహరించే వ్యాసకర్త పాఠకుణ్ణి మరో నాణెం దగ్గరికి పంపిస్తున్నాడు. మన పత్రికల్లోనూ ఈ అలవాటు తక్కువేమీ కాదు.

అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఈ సూచీని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్నది. అక్షరాలను బట్టీ, బొమ్మను బట్టీ వెతకవచ్చు. కోహెన్ సౌకర్యమూ, మాటింగ్లీ చరిత్రా ఒకేచోట కలిశాయనవచ్చు. కానీ పాత గ్రంథం ఎక్కడ గిరి గీసిందో ఇదీ అక్కడే ఆగుతుంది. ఈజిప్టు, సిరియా నగరాల గ్రీకు లిపి నాణేలు రోమన్ పాలనలోనే ముద్రితమైనా ఆ వరుసలో లేవు. వాటికోసం 1992లో మొదలైన ‘రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్’ చూడాలి. అది నగరాల వారీగా సాగుతుంది.

ఇస్లామీయ చరిత్ర విద్యార్థికి ఎక్కువ నష్టం కలిగించే గిరి కాలానిది. రోమన్ సూచీ 491తో ముగుస్తుంది. అక్కడి నుండి బైజాంటైన్ నాణేలకు రాత్ 1908లో కూర్చిన బ్రిటిష్ మ్యూజియం సూచీ వంటివి వేరే ఉన్నాయి. దీనార్ అనే మాట రోమన్ ‘డెనారియస్’ నుండి, ఫల్స్ ‘ఫొల్లిస్’ నుండి వచ్చినవే. హెరాక్లియస్ బంగారు నాణెం నమూనాను తీసుకుని, మెట్ల మీది సిలువకు అడ్డుకమ్మీ తొలగించి ఒట్టి స్తంభంగా మిగిల్చి, చుట్టూ అరబీలో కలిమా చెక్కిన దీనార్లు ఉమయ్యాల కాలంలో వచ్చాయి. హిజ్రీ 77 (క్రీ.శ. 696–97)లో ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలన్నీ తీసివేసి అక్షరాలు మాత్రమే ఉన్న దీనార్ ముద్రింపజేశాడు. ఈ మధ్యకాలపు నాణేలు రోమన్ సూచీలో లేవు, రాత్ సూచీకి అవి అనుబంధం కాలేదు. వాటికోసం బ్రిటిష్ మ్యూజియం వారే 1956లో ప్రచురించిన జాన్ వాకర్ గ్రంథం తెరవాలి. ఒకే నాణెం మెల్లమెల్లగా రూపం మార్చుకున్న కథ చదవడానికి మూడు బీరువాల దగ్గరికి వెళ్లక తప్పదు, ఒకదాని సంఖ్యలు మరొకదానికి సరిపోవు.