ఉడతల గద్ద: జెర్డన్ వచనం, గ్రిమెట్ బొమ్మ

జంషెడ్‌పూర్ శివారు గోవింద్‌పూర్‌లో చలికాలం పొద్దెక్కాక తలెత్తితే గద్దలు చుట్లు కొడుతుంటాయి. ఆ గుంపులో ఒకటి గద్ద కాకపోవచ్చు. సైజులో గద్దకన్నా కాస్త చిన్నది, తోక చీలదు, కాళ్లు వేళ్లదాకా ఈకలతో కప్పి ఉంటాయి. బూటెడ్ ఈగిల్ అంటారు. మన దేశంలో హిమాలయాల్లో గూడు పెడుతుంది, మిగతా చోట్లకు చాలామటుకు చలికాలపు అతిథిగా వస్తుంది. రెక్కలు విప్పితే సుమారు నాలుగు అడుగులుంటుంది, బరువు మాత్రం కిలోకు అటూ ఇటూ.

దీన్ని తెలుసుకోవడానికి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టాను. ఒకటి టి.సి. జెర్డన్ 1862లో మొదలుపెట్టిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’. రెండోది 1998లో గ్రిమెట్, ఇన్‌స్కిప్ దంపతులు తెచ్చిన భారత ఉపఖండపు పక్షుల పుస్తకం.

జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినవాడు. ఆ రోజుల్లో తుపాకీయే దుర్భిణి. అతను చేతిలోకి తీసుకున్న పక్షి గురించే రాస్తాడు: ఈకల రంగులు, కొలతలు, ఆ తర్వాత తిండీ తిరుగుడూ. స్థానికులు పిలిచే పేర్లూ ఎక్కిస్తాడు. ఈ పక్షికి తెలుగు పేరు ‘ఉడతల గద్ద’ అని రాసిపెట్టింది అతనే. శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికొచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఈ పేరు ఎవరికీ గుర్తుండకపోవచ్చు, కానీ పక్షి ఏం వేటాడుతుందో వేటగాళ్లకు తెలుసుననడానికి అదే సాక్ష్యం. అతని లోపం కూడా చేతిలోని పక్షిని బట్టి రాయడంలోనే ఉంది. ఈకలు కప్పిన కాలు చేతికందిన పక్షికే కనబడుతుంది. మీద ఎగిరేదాన్ని గుర్తుపట్టడానికి ఆ వచనం అంతగా అక్కరకు రాదు.

గ్రిమెట్ బృందం లెక్క వేరు. ఆ పుస్తకం పాఠకుణ్ణి కింద నిలబెట్టి పైకి చూపిస్తుంది. లేత రంగు రకానికి రెక్క అడుగున ముందు భాగం తెల్లగా, వెనక ఈకలు నల్లగా ఉంటాయి. దీన్ని ఒకసారి చూస్తే పొరపడరు. ముదురు రకంతోనే చిక్కు. గోధుమ రంగు ఒళ్లు, రెక్కల పైభాగాన వాలుగా లేత పట్టీ, అచ్చం మామూలు గద్దే. అప్పుడు తోక చూడాలి. ఎదురుగా వస్తుంటే రెక్క మొదట్లో, మెడకు అటూ ఇటూ, రెండు తెల్ల చుక్కలు వెలుగుతాయి. అంతకన్నా నమ్మకమైన గుర్తు నాకు తెలియదు. ఇంత పనిచేసే బొమ్మల పక్కన వచనం మాత్రం తంతి సందేశంలా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రెక్కలు ముడుచుకుని రాయిలా నిట్టనిలువునా దూకే వేటను, అదీ చెట్ల నడుమకు, ఆ పొదుపు మాటలు చూపలేవు.

రక్షణ విషయానికొస్తే జెర్డన్ నుంచి ఆశించడమే అన్యాయం. ఆ కాలానికి పక్షి తరిగిపోతుందన్న భయం లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, 2022 సవరణకు ముందు, డేగల కుటుంబాన్నంతా మొదటి షెడ్యూలులో ఉంచేది. ప్రపంచ స్థాయిలో ఈ జాతికి ఇప్పటికి పెద్ద ముప్పు లేదనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) అంచనా. అది చదివి నిశ్చింతగా ఉండటం నాకు నచ్చదు. గూడు కట్టే అడవులు తగ్గడం, కరెంటు స్తంభాల మీద షాక్ తగలడం, తుపాకీ, విషం: గూళ్లు పెట్టే దేశాల్లో ఈ కారణాలన్నీ నమోదైనవే. మన దగ్గర ఈ పక్షిని గద్దగా లెక్కేసి వదిలేస్తే, తగ్గినా తెలిసే దారి ఉండదు.

అందుకే గోవింద్‌పూర్ నుంచి దల్మా కొండల వైపు వెళ్లేవాళ్ల సంచిలో గ్రిమెట్ పుస్తకమే ఉండాలంటాను. కానీ చూసిన పక్షుల్ని ఈ-బర్డ్ వెబ్‌సైటులో నమోదు చేసేటప్పుడు తేదీ, స్థలం, సంఖ్య దగ్గరే ఆగకుండా, ఏ చెట్టు మీద వాలింది, దేన్ని పట్టింది అని జెర్డన్‌లా నాలుగు వాక్యాలు రాయాలి. ఆ చెట్టు కొట్టేసే రోజు వస్తే అడ్డుచెప్పడానికి చేతిలో ఉండే కాగితం అదే.