ముందు కాగితం, తర్వాత ఛాసిస్, చివర ఇంజిన్

పాత జీపు కొనబోయే కుర్రాడు ముందు బానెట్ ఎత్తుతాడు. చేయి తిరిగిన మిస్త్రీ ముందు బండి కిందికి దూరతాడు. ఆయన పైకి లేచి ఇంజిన్ స్టార్ట్ చేయమనేసరికి బేరం సగం తేలిపోయి ఉంటుంది.

అమీర్‌పేటలో కోర్సులు చేసి, ఉద్యోగంలో కుదురుకుని, పంజాగుట్ట చుట్టుపక్కల ఫ్లాట్ తీసుకున్నాక సెల్లార్‌లో స్పానర్ పట్టాలనే సరదా పుట్టినవాళ్లు నాకు చాలామందే తెలుసు. తొలి బండిగా ఏది కొనాలని అడిగితే జీపు అనే చెబుతాను. అందం సంగతి తర్వాత. అందులో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది, చెవికి వినిపిస్తుంది. పని నేర్చుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి?

తెలుగువాళ్లకు జీపు కొత్త చుట్టమేం కాదు. 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలై 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన సంస్థ, ఆ దశాబ్దం చివరికల్లా బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. 1959లో మన దగ్గర పంచాయతీ సమితులు వచ్చాక ఊళ్లోకి జీపు వచ్చిందంటే బీడీవో వచ్చినట్టే. అలా తిరిగిన బళ్లలో ఎక్కువగా గుర్తుండిపోయింది సీజే-3బి. 2.2 లీటర్ల పెట్రోలు హరికేన్ ఇంజిన్ ఎత్తు ఎక్కువ కాబట్టి, దానికి చోటివ్వడానికే బానెట్‌ను అంత పైకి లేపారు. తర్వాతి తరం ఎంఎం 540లో ప్యూజో లైసెన్సుతో చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజిన్ ఉంటుంది. 970 సీసీ పెట్రోలు ఇంజిన్‌తో మారుతీ జిప్సీ 1985లో వచ్చింది. చేతిపని నేర్చుకోవడానికైతే నా ఓటు ఎంఎం 540కి.

ఇక కాగితాలు. ఆర్సీ లేని బండి ఇనుప సామానుతో సమానం, తూకానికి తప్ప పనికిరాదు. ఆర్సీలో ఉన్న ఇంధనం, బండిలో ఉన్న ఇంజిన్ ఒకటేనా అన్నది మొదటి ప్రశ్న. డీజిల్ చవగ్గా ఉన్న రోజుల్లో ఎన్నో పెట్రోలు జీపుల్లో డీజిల్ ఇంజిన్లు దించేశారు, కాగితాల్లో మాత్రం మార్చలేదు. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక అలాంటి బండిని ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లడం తలనొప్పే. పైన హార్డ్‌టాప్ బిగించిన బళ్లనూ ఇదే కంటితో చూడాలి.

రెండో ప్రశ్న, బండి ఎవరి పేరు మీద ఉంది? ఒకప్పుడు తహసీల్దారు ఆఫీసు వేలంలో జీపు కొట్టేయడం చాలామంది కల. ఆ దారి మూసుకుపోయింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు, వాటిని తుక్కుకే పంపాలి. అంతకుముందే వేలంలో ప్రైవేటు పేరుకు మారిన బండికి ఆ చిక్కు లేదు, కానీ వేలం కాగితం నుంచి నేటి ఆర్సీ దాకా గొలుసు తెగకుండా ఉండాలి. పాత బండి మీద ఏపీ నెంబరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, 2014కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైనవాటిలో చాలావాటికి ఉండేది అదే. పక్క రాష్ట్రం బండైతే ఎన్వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఖర్చు ముందే లెక్క వేసుకోండి. టాక్సీగా తిరిగిన బండైతే పసుపు బోర్డు మార్పించడం మరో పని.

ఇప్పుడు నేల మీద పడుకునే వంతు. ఛాసిస్ నెంబరు గుద్ది ఉన్న చోట డీజిల్‌లో తడిపిన గుడ్డతో మడ్డి తుడవాలి. వైర్ బ్రష్‌తో మెల్లగా గీకితే అంకెలు తేలతాయి. పల్చటి తెల్ల కాగితం అంటించి పెన్సిల్ అడ్డంగా రుద్దితే నెంబరు అచ్చు పడుతుంది, దాన్ని ఆర్సీ పక్కన పెట్టుకోండి. అంతటితో వదిలేయకూడదు. అంకెల చుట్టూ ఉన్న ఇనుము మీద వేలు నడపాలి. గ్రైండర్ తిప్పిన నునుపు తగిలినా, వెల్డింగ్ గీత ఉబ్బి కనిపించినా, ఒక అంకె లోతుగా ఇంకొకటి తేలిగ్గా ఉన్నా, లేచి చేతులు దులుపుకోండి. ఆ బండి ఎంత ముద్దొచ్చినా మనది కాదు.

అక్కడి నుంచి స్టీరింగ్ బాక్సు బిగించిన చోటికి రావాలి. పాత జీపుల ఛాసిస్ ఎక్కువగా నెర్రెలిచ్చేది అక్కడే. స్నేహితుణ్ని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని, కింద టార్చి పట్టుకుని చూస్తే చీలిక నోరు తెరవడం కంటికి కనిపిస్తుంది. కమాన్ పట్టీలు వేలాడే బ్రాకెట్ల దగ్గరా, వెనక అడ్డపట్టీ దగ్గరా స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గట్టి ఇనుము టంగుమంటుంది, తుప్పు తిన్నది పెళ్లలుగా రాలుతుంది. బాడీ మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం నడిపిస్తే లప్పం ఎక్కడ మెత్తారో అదే చెబుతుంది. లప్పం ఉన్నంత మాత్రాన బండి వద్దనక్కర్లేదు. టింకరింగ్ డబ్బుతో అయ్యే పని. వంకరపోయిన ఛాసిస్ అలా కాదు, దాని మీద ఎంత పోసినా బండి ఒక పక్కకే లాగుతూ ఉంటుంది.

ఇంజిన్‌ను చివర్న పెట్టడానికి కారణం ఒక్కటే: దాన్ని మళ్లీ కట్టించవచ్చు. బోరు కొట్టించడం, పంపు, నాజిళ్లు సరిచేయించడం తెలిసిన చేతులు ఈ నగరంలో ఇంకా ఉన్నాయి. అయితే చల్లటి ఇంజిన్‌నే చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉందంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడు. పొద్దున తొలి స్టార్ట్‌కు కాస్త తెల్ల పొగ వచ్చి ఆగిపోతే ఫర్వాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ అయితే ఎయిర్ ఫిల్టరో నాజిళ్లో చూసుకుంటే పోతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచేయి అడ్డం పెట్టండి. గాలి గట్టిగా తోస్తుంటే రింగులు అరిగాయని అర్థం, ఫుల్ ఇంజిన్ పని ఖర్చు బేరంలో తగ్గించాల్సిందే.

బ్రేకు పెడల్‌ను ఒక నిమిషం తొక్కిపట్టండి. మెల్లగా కిందికి దిగిపోతే సిలిండర్ కప్పులు పోయినట్టే. పాత బళ్లలో బ్రేకు లైన్ ఒకటే, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఆ తర్వాతే రోడ్డు. నాగార్జున సర్కిల్ నుంచి బంజారాహిల్స్ రోడ్ నెంబర్ 1 ఎక్కిస్తే క్లచ్ సంగతి తెలిసిపోతుంది. సీజే-3బిలో మొదటి గేరుకు సింక్రో ఉండదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. అది లోపం కాదు, దాని స్వభావం. ఫోర్ వీల్‌ను మాత్రం తారు రోడ్డు మీద పరీక్షించకండి. ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి మలుపులో అవి ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లు బిగుసుకుపోతాయి. మట్టి నేల చూసుకుని, లో గేరులో మెల్లగా కదిలించి, క్రౌన్ పినియన్ మూలుగుతోందా, క్రాసులు టకటకమంటున్నాయా వినండి.

దొరకని సామాను గురించి భయపడేవాళ్లకు ఒక మాట. రాణిగంజ్‌లో వెతకండి. అక్కడా లేదంటే పాత ముక్కను పట్టుకుని బాలానగర్ వెళ్లండి. బుష్షో పిన్నో లేత్ మీద తిప్పించుకోవచ్చు. కొలత చెబితే చాలదు, అరిగిన ముక్కతో పాటు అది కూర్చునే భాగమూ తీసుకెళ్లాలి. ఇలా చేయించుకోగలగడమే జీపు విలువ. కొత్త బళ్లలో భాగం పోతే డబ్బా మొత్తం మార్చేస్తారు, ఇందులో బాగు చేస్తారు. బాగు చేసే చేతులు ఎవరో ఒకరు పని చెబుతుంటేనే నిలుస్తాయి.

ఖర్చు దాచను. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. 50 ఏళ్లు నిండిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకునే వీలుంది, కానీ అలా చేస్తే రోజూ తిప్పడానికి లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకే. జీపు తోలుకోవాలనుకునేవాడు ఆ జోలికి పోకపోవడమే మేలు.

బేరం కుదిరాక 29, 30 నెంబరు ఫారాల మీద అమ్మినవారి సంతకాలు మీ ఎదుటే పెట్టించుకోండి. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో, ఆర్సీ మార్చమని 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. పంజాగుట్టవాళ్లకు ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసు ఎంతో దూరం లేదు. ఆ పని అయ్యాకే స్పానర్ ముట్టుకోండి.